సోలార్ రోడ్లు: నల్లగొండ, పాలమూరు వైపు జనం నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్నలు

పన్నెండేళ్లుగా నల్లగొండ, మిర్యాలగూడ, దేవరకొండ చుట్టుపక్కల ఇళ్ల మీద, బోర్ల దగ్గర సోలార్ ప్యానెళ్లు బిగించడమే నా పని. అప్పుడప్పుడు కల్వకుర్తి, జడ్చర్ల దాకా కూడా పోతుంటాను. ఈ మధ్య ఏ ఊరికి పోయినా ఎవరో ఒకరు ఫోన్ తీసి ఒక వీడియో చూపిస్తున్నారు. అద్దాల రోడ్డు, దాని మీద వెలిగే గీతలు, రయ్యిన పోయే కార్లు. "అన్నా, ఇది మన దగ్గర ఎందుకు వేయరు? మనకున్నంత ఎండ ఎవరికుంది?" అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. చాయ్ తాగేలోపు చెప్పేసే జవాబు మాత్రం కాదు. అందుకే ఇన్నాళ్లుగా జనం అడిగినవన్నీ ఒక్కచోట రాసి పెడుతున్నాను.

సోలార్ రోడ్డు అంటే అసలు ఏంటి?

మన ఇంటి స్లాబ్ మీద పెట్టే ప్యానెల్‌లో వెలుతురును కరెంట్‌గా మార్చే సెల్సే రోడ్డులో కూడా ఉంటాయి. తేడా వాటి పైపొరలో ఉంటుంది. ఇంటి మీద ప్యానెల్‌కు 3 మిల్లీమీటర్ల చిల్లర మందం ఉన్న నున్నటి అద్దం సరిపోతుంది. రోడ్డులో పెట్టాలంటే ఆ పైపొర లారీని మోయాలి, టైరుకు పట్టు ఇవ్వాలి, వెలుతురును కిందికి వదలాలి. ఈ మూడూ ఒకే పొర చేత చేయించడానికి ఒక్కొక్కరు ఒక్కో దారి పట్టారు. నెదర్లాండ్స్ వాళ్లు కాంక్రీట్ పలకల మీద సెల్స్ పెట్టి, పైన సెంటీమీటర్ మందం టఫెన్డ్ అద్దం వేశారు. ఫ్రాన్స్ వాళ్లు సెల్స్‌ను రెసిన్ అనే గట్టిపడే జిగురు పొరల మధ్య పెట్టి, పైన గాజు నలుసులు అద్ది, ఉన్న డాంబర్ రోడ్డు మీదే అతికించారు. అమెరికాలో ఆరు మూలల అద్దం పలకలు చేసి, వాటిలో ఎల్‌ఈడీ లైట్లు కూడా పెట్టారు. వాట్సాప్‌లో తిరిగే వీడియోల్లో ఎక్కువ భాగం ఈ ఆరు మూలల పలకలవే.

ఎక్కడైనా నిజంగా వేశారా? ఇప్పుడెలా ఉన్నాయి?

వేశారు. అవేమయ్యాయో ఆ వీడియోల్లో ఉండదు కాబట్టి వరసగా చెబుతాను.

మొదట నెదర్లాండ్స్‌లో, క్రోమెనీ అనే ఊళ్లో, 2014 నవంబర్‌లో ఒక సైకిల్ ట్రాక్ తెరిచారు. పొడవు దాదాపు 70 మీటర్లు. మొదటి 6 నెలల్లో 3,000 యూనిట్లకు పైగా కరెంట్ వచ్చింది. సైకిళ్లే కాబట్టి బరువు లేదు, అందుకే ఓ మోస్తరుగా నిలబడింది. అయినా మొదటి చలికాలంలోనే వేడి, చలి తేడాలకు పైపూత ఒకచోట ఊడింది.

అమెరికాలో ఐడహో రాష్ట్రానికి చెందిన స్కాట్, జూలీ బ్రూసా అనే దంపతులు 2014లో ఇంటర్నెట్‌లో జనాన్ని చందా అడిగి 20 లక్షల డాలర్లకు పైగా పోగుచేశారు. 2016లో శాండ్‌పాయింట్ అనే ఊళ్లో, బండ్లు తిరగని చిన్న కూడలిలో 30 పలకలు వేశారు. మొదట్లోనే చాలా పలకలు మొరాయించాయి.

అన్నింట్లో పెద్ద పాఠం ఫ్రాన్స్‌ది. నార్మండీ ప్రాంతంలో టూరూవ్ర్ అనే పల్లె రోడ్డు మీద, కోలాస్ అనే రోడ్ల కంపెనీ కిలోమీటర్ పొడవున, 2,800 చదరపు మీటర్ల ప్యానెళ్లు పరిచింది. ఖర్చు 50 లక్షల యూరోలు. 2016 డిసెంబర్ 22న మంత్రి సెగొలెన్ రొయాల్ స్వయంగా వచ్చి ప్రారంభించారు. మొదటి ఏడాది వచ్చిన కరెంట్ 1,49,459 యూనిట్లు. అనుకున్నదాంట్లో సగం దగ్గరే. రెండో ఏడాది 78,397. మూడో ఏడాది జనవరి నుంచి జూలై దాకా 37,900. ట్రాక్టర్ల బరువుకు ప్యానెళ్ల అంచులు చిట్లాయి, అతుకులు విడిపోయాయి, చెట్ల ఆకులు రాలి పేరుకుపోయాయి. చప్పుడు ఎక్కువైందని ఊరివాళ్లు గోల పెడితే బండ్ల వేగాన్ని గంటకు 70 కిలోమీటర్లకు తగ్గించారు. 2018లోనే సుమారు 100 మీటర్ల ముక్కను పీకేయాల్సి వచ్చింది.

చైనాలో జినాన్ నగరం దగ్గర 2017 డిసెంబర్ చివర్లో ఎక్స్‌ప్రెస్‌వే మీద కిలోమీటర్ మేర వేశారు. వారం తిరక్కుండానే ఒక ముక్కను ఎవరో కోసుకుపోయారు.

ఇవన్నీ చదివి నేను సంబరపడలేదు. సోలార్ మీద బతికేవాణ్ణి, అది ఎక్కడ గెలిచినా నాకు సంతోషమే. వాళ్లు ధైర్యంగా చేసి చూశారు, కొలిచారు, లెక్కలు బయటపెట్టారు. ఆ లెక్కలు మనం చదువుకుంటే చాలు, మళ్లీ మన డబ్బుతో అదే నేర్చుకోనక్కర్లేదు.

వాళ్ల దగ్గర ఎండ లేదు కాబట్టి ఫెయిలైంది. మన దగ్గర ఎండ దండిగా ఉంది కదా?

అన్నింటికంటే ఎక్కువ మంది అడిగే ప్రశ్న ఇదే. ఇందులో సగం నిజముంది.

ప్యానెల్ సూర్యుడికి ఎదురుగా ఉంటేనే పూర్తిగా పనిచేస్తుంది. ఫ్రాన్స్‌లో సూర్యుడు నడినెత్తికి రాడు, ఏటవాలుగా ఉంటాడు. అక్కడ ప్యానెల్‌ను నేల మీద బల్లపరుపుగా పరిస్తే నష్టం బాగా ఎక్కువ. మన నల్లగొండ 17 డిగ్రీల అక్షాంశం మీద ఉంది, మహబూబ్‌నగర్ ఇంకొంచెం కింద. ఇక్కడ ప్యానెల్‌ను దక్షిణం వైపు వంచినా, అట్లాగే పడుకోబెట్టినా ఏడాది మొత్తం మీద తేడా నూటికి నాలుగైదే. ఆ ఒక్క విషయంలో మనం అదృష్టవంతులం.

ఇక మిగతా సగం. ప్యానెల్‌కు కావాల్సింది వెలుతురు, వేడి కాదు. ఈ మాట చెబితే చాలామంది నమ్మరు. ప్యానెల్ మీద రాసి ఉండే వాట్లు, సెల్ 25 డిగ్రీల దగ్గర ఉన్నప్పుడు కొలిచినవి. అంతకు మించి పెరిగే ప్రతి డిగ్రీకి నూటికి 0.35 దాకా తగ్గుతుంది. మే నెల మధ్యాహ్నం స్లాబ్ మీద, కింద గాలి ఆడుతున్నా సరే, సెల్ 65 డిగ్రీలకు పోతుంది. అంటే అప్పటికే నూటికి 14 పోయినట్టు. అదే ప్యానెల్‌ను గాలి ఆడకుండా డాంబర్‌కు అతికిస్తే వేడి ఇంకా పైకి పోతుంది. చెప్పులు లేకుండా మిట్టమధ్యాహ్నం నార్కట్‌పల్లి దగ్గర హైవే దాటిన వాళ్లకు నేను వేరే వివరించక్కర్లేదు.

తర్వాత దుమ్ము. మన ఎర్ర చెల్కల దుమ్ము, వాడపల్లి వైపు సిమెంట్ దుమ్ము, క్రషర్ల దగ్గర కంకర పొడి. ఇంటి మీద ప్యానెల్ వాలుగా ఉంటుంది, ఒక మంచి వాన పడితే చాలావరకు కడుక్కుపోతుంది. రోడ్డు మీది అద్దం టైరుకు పట్టు దొరకాలని గరుకుగా చేస్తారు. ఆ గరుకులోకి దూరిన మట్టి చీపురుకు రాదు, చిన్న వానకు పోదు. మన దగ్గర అక్టోబర్ దాటితే మళ్లీ జూన్ దాకా గట్టి వానలు తక్కువ. ఆ ఏడెనిమిది నెలలు రోజూ రోడ్డును ఎవరు కడుగుతారు, ఏ నీళ్లతో కడుగుతారు?

టూరూవ్ర్ రోడ్డులో చదరపు మీటరుకు మొదటి ఏడాది 53 యూనిట్లు, రెండో ఏడాది 28 యూనిట్లు వచ్చాయి. మన దగ్గర ఇంటి మీద మామూలు ప్యానెల్ చదరపు మీటరుకు ఏడాదికి 280 యూనిట్ల దాకా ఇస్తుంది. మన ఎండ వాళ్ల ఎండకు ఒకటిన్నర రెట్లు అనుకుని రోడ్డు లెక్కను పెంచినా 80 దాటదు. ఎండ ఎక్కువున్న చోట రోడ్డు మీద ప్యానెల్ వేస్తే పోయేది కూడా ఎక్కువే, ఎందుకంటే అదే ప్యానెల్ మేడ మీద ఉంటే మూడింతలు ఇచ్చేది.

లారీల బరువు ఆగుతుందా?

అద్దం బరువు ఆపగలదు. షాపింగ్ మాల్ అద్దం మెట్ల మీద మనుషులు నడుస్తూనే ఉన్నారు కదా. కష్టం అద్దంతో కాదు, దాని కింద నేలతో.

డాంబర్ రోడ్డు బరువు పడినప్పుడు కొంచెం వంగి, మళ్లీ లేస్తుంది. అద్దానికి, సెల్‌కు ఆ గుణం లేదు. వెంట్రుకంత పగులు వచ్చినా సెల్‌లో ఆ భాగం చచ్చిపోతుంది. నల్లరేగడి నేల ఉన్నచోట ఇంకా కష్టం. వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలు విచ్చుతుంది. రోడ్డు వేసిన రెండేళ్లకే అలలు అలలుగా లేవడం మీరూ చూసే ఉంటారు.

2018లో కేంద్రం లారీల బరువు పరిమితి పెంచింది. నాలుగు టైర్ల ఇరుసు మీద అంతకుముందు 10.2 టన్నులు ఉండేది, ఇప్పుడు 11.5. రోడ్ల ఇంజనీర్లు వాడే లెక్క ఒకటుంది: ఇరుసు మీద బరువు రెట్టింపైతే రోడ్డుకు నష్టం రెట్టింపు కాదు, దాదాపు 16 రెట్లు. మిర్యాలగూడ మిల్లుల నుంచి బియ్యం లోడుతో, వాడపల్లి నుంచి సిమెంట్ లోడుతో బయలుదేరే లారీలను ఒక పూట నిలబడి చూడండి.

లారీల కంటే నాకు భయం నాటు వేసే సీజన్‌లో. పొలంలో దమ్ము చేసిన ట్రాక్టర్ ఇనుప చక్రాలు విప్పకుండానే పక్క పొలానికి రోడ్డెక్కి పోతుంది. నిరుడు హాలియా దగ్గర ఒక పని ముగించుకుని వస్తుంటే ముందు అట్లాంటి ట్రాక్టరే పోతోంది. వెనకాల బండి ఆపి దిగి చూశాను. కొత్తగా వేసిన రోడ్డు మీద రెండు వైపులా గొడ్డలితో కొట్టినట్టు జానెడు జానెడు దూరంలో గాట్లు, ఒక్కో గాటులో వేలు పెడితే గోరు మునిగేంత లోతు. డాంబర్ కాబట్టి గాటుతో ఆగింది. రైతును తప్పు పట్టలేం, చక్రాలు విప్పి మళ్లీ బిగించాలంటే ఇద్దరు మనుషులు, గంట టైం కావాలి. కానీ అదే చోట అద్దం ఉంటే ఏమయ్యేదో ఆలోచించండి.

వడ్లు ఆరబోసుకోవడానికి నున్నటి రోడ్డు బాగుంటుంది కదా?

ఒక పెద్దాయన నిజంగానే అడిగాడు. త్రిపురారం, నిడమనూరు వైపు కోతల కాలంలో రోడ్డుకు సగం వడ్లే ఉంటాయి. పరదాలు, చుట్టూ రాళ్లు, అడ్డంగా ముళ్లకంప. వడ్లు పోసినంత మేర ప్యానెల్‌కు వెలుతురు అందదు, కరెంట్ రాదు. రాత్రిపూట ఆ రాళ్లకు తగిలి బైకుల మీద పోయేవాళ్లు పడిపోతున్నారు, ప్రాణాలు కూడా పోతున్నాయి. ఆ ఊళ్లకు ముందు కావాల్సింది సోలార్ రోడ్డు కాదు, వడ్లు ఆరబోసుకునే కల్లం, తూకం వేసిన బస్తాలకు షెడ్డు. ఈ షెడ్డు సంగతి కింద మళ్లీ చెబుతాను.

రోడ్డు మీద చెట్ల నీడ పడితే?

2015లో మొదలైన హరితహారంలో మన రోడ్ల పక్కన వేల కొద్దీ మొక్కలు పెట్టారు. చాలాచోట్ల అవి ఇప్పుడు రోడ్డు మీదికి గొడుగు పడుతున్నాయి. సోలార్ రోడ్డు వేయాలంటే ఆ చెట్లు కొట్టాలి. నేనైతే చెట్టునే ఉంచమంటాను.

కొంచెం నీడ పడితే అంత నష్టమా? కొంచెం కరెంటే కదా తగ్గేది?

కాదు. ఇది కళ్లారా చూసిన విషయం చెబుతాను. పెద్దవూర వైపు ఒక ఇంటికి 6 ప్యానెళ్లతో 3 కిలోవాట్ల సిస్టం బిగించాను. ఆరు నెలల తర్వాత ఇంటావిడ ఫోన్ చేసి, "తమ్ముడూ, కరెంట్ సరిగ్గా వస్తలేదు, ఒకసారి వచ్చి చూడు" అంది. పోయి మేడెక్కితే పక్కింటి చింతచెట్టు కొమ్మ ఒకటి పెరిగి రెండు ప్యానెళ్ల మీద నీడ వేస్తోంది. అరచేయి వెడల్పు నీడ, అంతే. ఇన్వర్టర్‌లో 1.7 కిలోవాట్లు చూపిస్తోంది. ఆ ఇంటి పిల్లాడు కొమ్మను తాడు వేసి పక్కకు లాగి పట్టుకున్నాడు. నేను చూస్తుండగానే అంకె 2.6కి ఎక్కింది. వదిలాడు, మళ్లీ 1.7. అక్కకు చూపిద్దామని మూడుసార్లు లాగించాను.

కారణం ఏంటంటే ప్యానెల్‌లో సెల్సన్నీ ఒకదాని వెనక ఒకటి, ఒకే కాల్వ మీద తూముల్లా ఉంటాయి. ఒక్క సెల్ మీద నీడ పడినా ఆ వరసంతా ఆగుతుంది. ఆ వరసను పక్కకు తప్పించడానికి లోపల డయోడ్లు ఉంటాయి, కానీ తప్పించిన వరస కరెంట్ పోయినట్టే. ఇప్పుడు రోడ్డును ఊహించుకోండి. ఒక లారీ పోతుంటే దాని నీడ, వెనక బస్సు నీడ, మధ్యలో ఆగిన ఆటో నీడ. సంత రోజున దేవరకొండ రోడ్డు మీద నేల కనబడే చోటే ఉండదు.

దొంగలు ఎత్తుకుపోరా?

చైనా సంగతి పైన చెప్పాను. మన దగ్గర పొలాల్లో ట్రాన్స్‌ఫార్మర్ పగలగొట్టి లోపలి రాగి తీగ ఎత్తుకుపోతున్నారు, బోరు కేబుల్ కోసుకుపోతున్నారు. రాత్రి మనిషి తిరగని రోడ్డు కింద కిలోమీటర్ల కొద్దీ కేబుల్ పరిస్తే కాపలా ఎవరు కాస్తారు?

ఖర్చు సంగతి? మొదట్లో ఏదైనా ఖరీదే కదా, తర్వాత తగ్గుతుందేమో?

తగ్గుతుంది, నిజమే. మామూలు ప్యానెల్ ధర కూడా నేను పని మొదలుపెట్టినప్పటికి, ఇప్పటికి పోలికే లేదు. అందుకని కొంచెం ఉదారంగానే లెక్క వేద్దాం.

50 లక్షల యూరోలంటే అప్పటి లెక్కన సుమారు 35 కోట్ల రూపాయలు. మన దగ్గర బీడు భూమిలో ఒక మెగావాట్ ప్లాంట్ పెట్టడానికి, ధారాళంగా వేసుకున్నా, 5 కోట్లు. అంటే అదే డబ్బుతో 7 మెగావాట్లు. పాలమూరు ఎండకు ఒక మెగావాట్ ఏడాదికి 15 లక్షల యూనిట్ల దగ్గర ఇస్తుంది. 7 మెగావాట్లకు కోటి యూనిట్లు. ఆ రోడ్డు తన అన్నింటికంటే మంచి ఏడాదిలో ఇచ్చింది లక్షన్నర. ఎండ తేడా తీసేసి చూసినా 40 రెట్లకు తగ్గదు. రోడ్డు ప్యానెల్ ఖర్చు రేపు పదో వంతుకు పడిపోయిందనుకోండి, అప్పటికి కూడా బీడు భూమిలో ప్లాంటే నాలుగింతలు ముందుంటుంది. పైగా రోడ్డు ప్యానెల్ చౌక కావాలంటే దానిలోని సెల్ చౌక కావాలి. అదే సెల్ మేడ మీది ప్యానెల్‌లోనూ ఉంటుంది కాబట్టి అదీ చౌకవుతుంది.

ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. రోడ్డుకు విడిగా భూమి అక్కర్లేదు. మెగావాట్‌కు నాలుగైదు ఎకరాలు కావాలి, సేద్యం భూమి పోతుందన్న బాధ న్యాయమైనదే. కానీ మన జిల్లాల్లో స్కూళ్ల స్లాబులు, ఆఫీసుల స్లాబులు, రైస్ మిల్లుల రేకులు, గోదాముల రేకులు ఎన్ని ఖాళీగా ఎండుతున్నాయో ఒకసారి చుట్టూ చూడండి. అవన్నీ నిండాక రోడ్డు గురించి మాట్లాడుకోవచ్చు.

రోడ్డు మీద పోతుంటేనే ఎలక్ట్రిక్ బండి చార్జ్ అవుతుందట కదా?

అది వేరే టెక్నాలజీ, వీడియోల్లో రెండింటినీ కలిపేస్తున్నారు. రోడ్డు కింద రాగి చుట్టలు పాతి, వాటికి కరెంట్ ఇచ్చి, పైన పోయే బండిలోని చుట్టకు తీగ లేకుండా అందిస్తారు. స్వీడన్‌లో గాట్‌లాండ్ దీవిలో 1.6 కిలోమీటర్ల మేర, అమెరికాలోని డెట్రాయిట్‌లో 2023లో పావు మైలు మేర చేసి చూశారు. ఆ రోడ్డు కరెంట్ పుట్టించదు, వాడుకుంటుంది. దానికి కరెంట్ దామరచర్ల దగ్గర యాదాద్రి థర్మల్ ప్లాంట్ లాంటి చోటు నుంచో, ఎక్కడో సోలార్ ప్లాంట్ నుంచో రావాల్సిందే.

రాత్రిపూట గీతలు వెలుగుతాయి కదా, యాక్సిడెంట్లు తగ్గవా?

ఇప్పుడు వాడే రిఫ్లెక్టర్ పెయింట్, క్యాట్ ఐలు (లైటు పడితే మెరిసే, రోడ్డులో బిగించే బిళ్లలు) సరిగ్గా వేస్తే చాలు. వాటి ఖర్చు చాలా తక్కువ. వెలిగే గీతలు మిట్టమధ్యాహ్నం ఎండకు కనబడవు కూడా.

వానకు షాక్ కొడుతుందా?

సరిగ్గా సీల్ చేస్తే కొట్టదు. అతుకు విడిపోయి నీళ్లు లోపలికి పోతే ఇన్వర్టర్ లీకేజీ పసిగట్టి ఆ లైన్‌ను బంద్ చేస్తుంది. షాక్ కంటే అసలు తలనొప్పి రిపేర్. నల్లా పైపు పగిలితే మన ఊళ్లో ఏం చేస్తాం? రోడ్డుకు అడ్డంగా తవ్వి, పైపు అతికి, మట్టి పోసి, కుదిరితే సిమెంట్ పూస్తాం. సోలార్ రోడ్డులో ఆ పని చేయాలంటే ముందు ఎలక్ట్రీషియన్ వచ్చి లైన్ విప్పాలి, పలక లేపాలి, పని అయ్యాక అదే సైజు పలక తెచ్చి పెట్టాలి. ఆ పలకలు చేసే కంపెనీ అప్పటికి ఉంటుందా? ఫ్రాన్స్‌లో ఆ రోడ్డు వేసిన కంపెనీయే ఆ తర్వాత లారీలు పోయే రోడ్ల ఆలోచన పక్కనపెట్టి, కెమెరాలకు, లైట్లకు, సైకిల్ చార్జింగ్‌కు సరిపోయే చిన్న చిన్న ముక్కల వైపు మళ్లింది.

మరి రోడ్లకు, సోలార్‌కు సంబంధమే ఉండొద్దంటారా?

అట్లా అననే అనను. టైరు కింద వద్దంటున్నాను, అంతే. బండ్లకు పైన కప్పులా, రోడ్డుకు పక్కన పెట్టండి.

దీనికి ఎక్కడికో పోయి చూడక్కర్లేదు. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన, నానక్‌రామ్‌గూడ నుంచి పోలీస్ అకాడమీ దాకా, నార్సింగి నుంచి కొల్లూరు దాకా 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ ఉంది. 2023 అక్టోబర్ 1న తెరిచారు. ట్రాక్‌లో చాలా మేర పైన ప్యానెళ్ల కప్పు, మొత్తం 16 మెగావాట్లు. కింద తొక్కేవాళ్లకు నీడ, వానలో గొడుగు. ప్యానెల్‌కు కింద గాలి ఆడుతుంది, మీద టైరు ఎక్కదు, పాడైతే నిచ్చెన వేసి మార్చుకోవచ్చు. నల్లగొండ నుంచి పని మీద పోయినప్పుడు ఒకసారి కావాలనే దిగి దాని కింద కాసేపు నిలబడ్డాను. ఏప్రిల్ ఎండలో కూడా మెడ మీద మంట లేదు. ఆ పద్ధతి పక్క జిల్లాలోనే ఉంది, మనం ఎందుకు వాడుకోకూడదు?

దక్షిణ తెలంగాణలో నాకు కనిపించే చోట్లు ఇవి. 65వ నంబర్, 44వ నంబర్ హైవేల టోల్ ప్లాజాల పైకప్పులు, లారీలు ఆగే పార్కింగ్‌లు, బస్టాండ్ల ఆవరణలు. నల్లగొండలో బత్తాయి మార్కెట్. అన్నింటికంటే ముందు వడ్ల కొనుగోలు కేంద్రాలు. తూకం అయిపోయి, లారీ కోసం ఎదురుచూస్తూ బస్తాలు బయటే ఉంటాయి. ఏప్రిల్‌లో ఒక్క గాలివాన వస్తే పరదాలు లేచిపోతాయి, బస్తాలు తడుస్తాయి, గింజ మొలకెత్తుతుంది. తడిసిన వడ్లను చేత్తో ఎత్తి చూపిస్తూ ఏడ్చిన రైతును చూసినవాళ్లకు ఆ షెడ్డు విలువ తెలుసు. ఆ యార్డుల్లో సగం ఖాళీ కల్లంగా ఉంచి, సగానికి ఎత్తైన షెడ్డు వేసి, పైన ప్యానెళ్లు పరిస్తే బస్తా తడవదు, కరెంట్ వస్తుంది, ఆ కరెంట్‌తో తూర్పార పట్టే ఫ్యాన్లు, డ్రైయర్లు నడుస్తాయి. సోలార్ రోడ్డుకు పెట్టే డబ్బులో చిన్న ముక్క చాలు దీనికి.

కాల్వల మీద వేస్తే ఎలా ఉంటుంది?

బాగుంటుంది, కాకపోతే కాల్వను చూసి వేయాలి. గుజరాత్‌లో మెహసానా జిల్లా చంద్రాసన్ దగ్గర నర్మద బ్రాంచ్ కాల్వ మీద 2012లోనే 750 మీటర్ల మేర ఒక మెగావాట్ ప్యానెళ్లు పెట్టారు. ఏడాదికి 90 లక్షల లీటర్ల నీళ్లు ఆవిరి కాకుండా మిగులుతాయని అప్పుడు అంచనా వేశారు. కింద నీళ్ల చల్లదనానికి ప్యానెల్ కూడా వేడెక్కకుండా ఉంటుంది. సాగర్ ఎడమ ప్రధాన కాల్వ బాగా వెడల్పు, దాని మీద అడ్డంగా ఇనుప దూలాలు వేయాలంటే ఖర్చు తడిసి మోపెడవుతుంది. దాని నుంచి చీలే చిన్న కాల్వలు, అంటే మేజర్లు, డిస్ట్రిబ్యూటరీల మీదైతే కుదురుతుంది. పూడిక తీసే మిషన్ దిగడానికి మధ్యమధ్యలో ఖాళీ వదలాలి. ఇది మరిచిపోతే రెండేళ్లకు చివరి పొలాలకు నీళ్లు రావు, రైతులే ప్యానెళ్లు పీకేస్తారు.

కోతులు ఆగనిస్తాయా?

ఆగనివ్వవు. మేడ మీదైనా కాల్వ మీదైనా కోతుల బెడద ఉన్న ఊళ్లో ప్యానెల్ కింద వైర్లన్నీ పైపులో పెట్టించండి. అవి అద్దాన్ని పగలగొట్టడం తక్కువ, వేలాడే వైరు పట్టుకుని ఊగడమే ఎక్కువ.

నా ఇంటికి నేను ఏం చేసుకోవచ్చు?

స్లాబ్ మీద నీడ పడని చోటు 250 చదరపు అడుగులు ఉంటే 3 కిలోవాట్లు పడుతుంది. రోజుకు సగటున 12 యూనిట్లు వస్తుంది. 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం కింద 2 కిలోవాట్లకు 60 వేలు, 3 కిలోవాట్లు, ఆపైన 78 వేలు సబ్సిడీ మీ ఖాతాలోనే పడుతుంది. మధ్యవర్తికి ముందుగా ఇవ్వాల్సిన పని లేదు. పదిహేను రోజులకోసారి పొద్దున్నే, ప్యానెల్ చల్లగా ఉన్నప్పుడే కడగండి. మధ్యాహ్నం కాలుతున్న అద్దం మీద చల్లనీళ్లు పోయొద్దు.

మా పంచాయతీకి ఎవరైనా వచ్చి సోలార్ రోడ్డు వేస్తామంటే ఏం అడగాలి?

రంగుల బొమ్మలు పక్కన పెట్టమని చెప్పండి. మీరు వేసిన పాత రోడ్డు ఎక్కడుంది, అది వేసి ఎన్నేళ్లయింది, ఏడాదివారీగా ఎన్ని యూనిట్లు వచ్చాయి, మీటర్ రీడింగ్ చూపించండి అని అడగండి. మొదటి ఏడాది లెక్క ఒక్కటే చూపిస్తే ఒప్పుకోవద్దు, రెండోదీ మూడోదీ అడగండి. పలక పగిలితే ఎన్ని రోజుల్లో మారుస్తారు, ఆ ఖర్చు ఎవరిది అన్నది కాగితం మీద రాయించుకోండి. ఇదే డబ్బుతో స్కూల్ మీద, పంచాయతీ ఆఫీసు మీద వేస్తే ఎన్ని యూనిట్లు వస్తాయో పక్కన రాసి చూపించమనండి.

మా పాప సైన్స్ ఫెయిర్‌లో సోలార్ రోడ్డు మోడల్ పెడతానంటోంది. పెట్టనివ్వమంటారా?

తప్పకుండా పెట్టనివ్వండి. ఉత్త బొమ్మగా కాకుండా కొలిచి చూపించమనండి. ఒకే సైజు చిన్న ప్యానెళ్లు రెండు, ఒక మల్టీమీటర్, ఒక అద్దం ముక్క చాలు. ఒక ప్యానెల్‌ను ఇటుక మీద కొంచెం వాలుగా, దక్షిణం వైపు పెట్టాలి. రెండోదాన్ని నేల మీద పడుకోబెట్టి, మీద అద్దం కప్పి, దాని మీద పొలం మట్టి చిటికెడు చల్లి, బొమ్మ లారీని పది సార్లు నడపాలి. రెండింటి కరెంట్‌ను ఒకే నిమిషంలో, మధ్యాహ్నం 12 గంటలకు కొలవాలి. మట్టి చల్లక ముందు ఒకసారి, చల్లాక ఒకసారి, నీళ్లతో కడిగాక ఒకసారి. వారం రోజులు అదే టైంకు కొలిచి పుస్తకంలో రాసుకోమనండి. మబ్బు పట్టిన రోజున మబ్బు అని కూడా రాయాలి. అద్దం అంచులు ముందే గరుకు కాగితంతో రుద్దిపెట్టండి, చేతులు కోసుకుంటాయి.